ఎన్ని గంటలో రాసివ్వండి

ఇన్వర్టర్ల అంగట్లో జరుగుతున్నది మోసం. అంతకన్నా మెత్తని మాట వాడను. బియ్యం అమ్మేవాడు ‘ఇది పెద్ద సంచి’ అని మాత్రం చెప్పి, లోపల ఎన్ని కిలోలున్నాయో చెప్పకుండా డబ్బులడిగితే జఫర్‌గఢ్‌లో ఒక్కడూ ఊరుకోడు. కాంటా పెట్టించి గానీ కదలడు. అదే మనిషి ఇరవై వేలకు పైగా పోసి ఇన్వర్టరు, బ్యాటరీ కొనేటప్పుడు పెట్టె మీది అంకెలు చూసి, తలూపి, ఆటోలో వేసుకుని ఇంటికి తెచ్చుకుంటాడు. 900 వీఏ. 150 ఏహెచ్. ఈ రెండు అంకెల్లో ఏదీ అతనికి కావలసిన జవాబు చెప్పదు. అతను తెలుసుకోవాల్సింది ఒక్కటే: కరెంటు పోతే నా ఇంట్లో ఉన్నవి ఎన్ని గంటలు నడుస్తాయి?

ఆ జవాబు నేను చూసిన ఏ పెట్టె మీదా లేదు. బిల్లు మీద లేదు. వారంటీ కార్డు మీద లేదు. అమ్మేవాడి నోట్లో మాత్రం ఉంటుంది. నోటిమాటకు పూచీ ఉండదు, రేపు వినియోగదారుల కమిషన్ ముందుకు పోతే సాక్ష్యమూ ఉండదు. అందుకే నా డిమాండు ఒక్కటే. ఇంటికి ఇన్వర్టరు కానీ, దవాఖానకు జనరేటరు కానీ, ఆఫీసుకు యూపీఎస్ కానీ, బ్యాకప్ కరెంటు పేరుతో ఏది అమ్మినా ‘ఇన్ని వాట్ల లోడుకు ఇన్ని గంటలు’ అని కాయితం మీద రాసి సంతకం పెట్టివ్వాలి. ఇవ్వనివాడు అమ్మకూడదు. అలా రాసివ్వని సరుకును సర్కారు కొనకూడదు.

జనగామలోనో వరంగల్‌లోనో ఏ బ్యాటరీ షాపు ముందైనా కాసేపు నిలబడి వినండి. ఉప్పుగల్లు నుంచో కూనూరు నుంచో వచ్చిన మనిషి అడుగుతాడు:

“అన్నా, మూడు ఫ్యాన్లు, నాలుగు ట్యూబులైట్లు, ఒక టీవీ. ఏది సరిపోతది?”

“తొమ్మిదొందల వీఏ తీస్కో తమ్మీ. నూటయాభై బ్యాటరీ ఏస్త. పాతది ఉంటే పట్రా, రేటు కడత.”

“ఎంతసేపు వస్తది?”

“రాత్రంత గుంజుతది. రంది పడకు.”

బేరం అయిపోయింది. ఫ్యాను పాతదా కొత్తదా, ఎన్ని వాట్లు తింటుంది అని షాపువాడు అడగలేదు. మీ ఊళ్లో కరెంటు పోతే ఒకేసారి ఎంతసేపు పోతుంది, రోజుకు ఎన్నిసార్లు పోతుంది అనీ అడగలేదు. అడిగితే లెక్క కట్టాలి. లెక్క కడితే ‘రాత్రంత’ అనే మాట నోట రాదు.

ఆ లెక్క మనమే కడదాం. పాతరకం సీలింగ్ ఫ్యాను సుమారు 75 వాట్లు లాగుతుంది, మూడింటికి 225. ఎల్‌ఈడీ ట్యూబు 20 వాట్లు, నాలుగింటికి 80. చిన్న టీవీ 60. వైఫై డబ్బా 10. మొత్తం 375 వాట్లు. ఇన్వర్టరు మీద రాసిన 900 వీఏలో, పవర్ ఫ్యాక్టరు 0.8 అనుకుంటే, నిజంగా పనికొచ్చేది 720 వాట్లు. అంత పెద్ద అంకెను ముందు రాయడానికి ఉత్సాహం చూపే కంపెనీ ఈ వాట్ల అంకెను ఎక్కడో వెనక చీటీ మీద చిన్న అక్షరాల్లో దాస్తుంది. సరే, 375 వాట్లకు 720 చాలు. పెట్టె మోయగలదు. ఇంతవరకు షాపువాడి మాట నిజమే. అసలు పేచీ బ్యాటరీ దగ్గర మొదలవుతుంది.

150 ఏహెచ్‌ను 12 వోల్టులతో హెచ్చిస్తే 1800 వాట్ అవర్లు. లెడ్ యాసిడ్ బ్యాటరీని అడుగంటా పిండితే తొందరగా చస్తుంది కాబట్టి 80 శాతం దగ్గర ఆపాలి. మిగిలింది 1440. బ్యాటరీ డీసీని ఇంటికి పనికొచ్చే ఏసీగా మార్చేటప్పుడు ఇన్వర్టరు తన వాటా తాను తింటుంది. నూటికి 80 చేతికొస్తుందనుకుంటే సుమారు 1150. దాన్ని 375తో భాగించండి. మూడు గంటలు. రాత్రి పదింటికి కరెంటు పోతే ఒంటిగంటకు ఇన్వర్టరు కుయ్యోమంటుంది. మిగతా రాత్రి విసనకర్రతో గడపాలి.

ఈ మూడు గంటలు కూడా పెద్దమనసుతో కట్టిన లెక్క. 150 ఏహెచ్ అన్న అంకె పక్కన సీ20 అనో సీ10 అనో ఒక ముక్క ఉంటుంది. కొనేవాళ్లలో దాన్ని చదివేవాళ్లు అరుదు, చదివి చెప్పే షాపువాళ్లు అంతకన్నా అరుదు. సీ20 అంటే ఏడున్నర ఆంపియర్ల చొప్పున నింపాదిగా 20 గంటలు లాగితేనే ఆ 150 పూర్తిగా దక్కుతుందని అర్థం. సీ10 అంటే 15 ఆంపియర్ల చొప్పున 10 గంటలు. మన 375 వాట్ల ఇల్లు, ఇన్వర్టరు నష్టం కలుపుకుని, బ్యాటరీ నుంచి లాగేది 39 ఆంపియర్లు. అంటే సీ20 బ్యాటరీకి కంపెనీ పెట్టుకున్న పరీక్షకు ఐదు రెట్ల వేగం. వేగంగా లాగినకొద్దీ లెడ్ యాసిడ్ బ్యాటరీ ఇచ్చే మొత్తమే తగ్గిపోతుంది. ఈ సంగతిని విల్‌హెల్మ్ ప్యూకర్ట్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1897లోనే సూత్రం కట్టి చెప్పాడు. నూట పాతికేళ్లు దాటినా ఆ సూత్రం మన షాపు గడప తొక్కలేదు. దాన్నీ లెక్కలోకి తీసుకుంటే కొత్త బ్యాటరీకే రెండున్నర గంటలు దక్కితే గొప్ప.

ఒకే ధరకు రెండు 150 ఏహెచ్ బ్యాటరీలు పక్కపక్కన పెట్టి, ఒకటి సీ10, ఇంకొకటి సీ20 అయితే, రెండూ ఒకటే అని అమ్మడం పచ్చి దగా. సీ20 మీద 150 ఇచ్చేదాన్ని 10 గంటల వేగంతో లాగితే 125 దరిదాపుల్లోనే ఆగిపోతుంది. కొన్నవాడికి ఇది ఎప్పటికీ తెలియదు. బ్యాటరీ తొందరగా దిగితే ‘మీ ఊళ్లో వోల్టేజీ బాగుండదు’ అంటారు. ‘నీళ్లు టైముకు పోయలేదు’ అంటారు. తప్పు ఎప్పుడూ కొన్నవాడిదే.

ఇక ఎండ సంగతి. లెడ్ యాసిడ్ బ్యాటరీకి 25 డిగ్రీల చుట్టుపక్కల ఉంటే సుఖం. ఆ పైన ప్రతి 10 డిగ్రీలకూ ఆయుష్షు సుమారు సగం పడిపోతుందన్నది ఆ వృత్తిలో అందరికీ తెలిసిన లెక్క. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 దాటి కూర్చుంటుంది. బ్యాటరీ పెట్టేదేమో మెట్ల కింద గాలాడని సందులోనో, రేకుల గదిలోనో. వారంటీ కార్డు మీద మాత్రం ఏళ్లు ధారాళంగా ఉంటాయి. ఆ ఏళ్లను రెండు ముక్కలు చేసి, మొదటి ముక్కలో చెడితే ఊరికే మారుస్తాం, రెండో ముక్కలో చెడితే కొత్తదానిలో ఇంత శాతం తగ్గిస్తాం అంటారు. ఆ శాతం గరిష్ఠ చిల్లర ధర మీద కడతారు. బయట బేరమాడితే అంతకంటే తక్కువకే కొత్తది దొరుకుతుంది. ఇక ఆ వారంటీ ఎందుకు?

ఇంకో గుట్టు ఉంది, దాని గురించి అసలు ఎవరూ మాట్లాడరు. బ్యాటరీ ఖాళీ కావడం గురించే అందరి రంది. నిండడం గురించి ఎవరికీ పట్టదు. ఇంటి ఇన్వర్టర్లు మామూలుగా 10 నుంచి 15 ఆంపియర్లతో చార్జి చేస్తాయి. వంద ఏహెచ్ వాడేసిన బ్యాటరీ తిరిగి నిండాలంటే, నష్టాలు కూడా కలుపుకుంటే, ఎనిమిది నుంచి పన్నెండు గంటలు ఆగకుండా కరెంటుండాలి. గాలిదుమారం వచ్చిన వారంలో మన పల్లెల్లో అలా ఉంటుందా? మధ్యాహ్నం పోయి సాయంత్రం వస్తుంది, రెండు గంటలుండి మళ్లీ పోతుంది. బ్యాటరీలో పావు వంతు కూడా నిండకముందే మళ్లీ లాగుతాం. రెండో రాత్రి గంటకే ఇన్వర్టరు మూగబోతుంది. ‘బ్యాటరీ ఖరాబైంది’ అనుకుని షాపుకు మోసుకుపోతాం. షాపువాడు ఇంకా పెద్ద బ్యాటరీ అంటగడతాడు. నింపే కరెంటు పెంచకుండా బ్యాటరీ పెంచితే ఆ పెద్దది ఇంకా ఆలస్యంగా నిండుతుంది. తెలిసి చేస్తే దోపిడీ, తెలియక చేస్తే అసమర్థత. రెండింటికీ డబ్బులిచ్చేది మనమే.

వైర్లు చూడండి. ఇన్వర్టరు తన పూర్తి 720 వాట్లు ఇచ్చేటప్పుడు 230 వోల్టుల వైపు పారేది మూడు ఆంపియర్లు. బ్యాటరీ వైపు మాత్రం 75 ఆంపియర్లు. ఇంత తేడా ఉందని తెలిసినవాడు బ్యాటరీ కేబులును వేలంత మందంగా, వీలైనంత పొట్టిగా వేస్తాడు. మా మండలంలో ఒక సర్కారు ఆఫీసులో నేను చూసింది వేరు. గోడకు ఈ పక్కన ఇన్వర్టరు, ఆ పక్కన బ్యాటరీ. మధ్యలో సన్నని వైరు, మూడు చోట్ల అతుకులు, అతుకుల మీద ఊడిపోతున్న ఇన్సులేషన్ టేపు. బ్యాటరీ మీద టెర్మినల్ చుట్టూ తెల్లగా పచ్చగా పొడి పేరుకుని పోయింది. చేయి దగ్గర పెడితే వైరు వెచ్చగా తగులుతున్నది. దాని పక్కనే గుట్టలుగా పాత ఫైళ్లు. ‘ఎన్ని కంప్యూటర్లు నడుస్తాయి దీనిమీద?’ అని అడిగితే గుమాస్తా నవ్వాడు. “కంప్యూటర్లు దాని మీద ఎక్కయి సార్. ఫ్యాన్లకే” అన్నాడు. కంప్యూటర్ల కోసం కొన్న యూపీఎస్ అది. కొనేటప్పుడు కాయితాల్లో కేవీఏ అంకె రాశారు. ఏ కంప్యూటర్లు, ఎన్ని, ఎంతసేపు అన్న వరస మాత్రం ఎవరూ రాయలేదు.

ఇక్కడ కొందరు నా మాటకు అడ్డు తగులుతారు. వాళ్ల వాదనలు నాకు తెలుసు.

మొదటి వాదన షాపులదీ కంపెనీలదీ. ‘ఇల్లిల్లుకూ లోడు మారుతుంది, గంటలు ఎలా రాసిస్తాం?’ అంటారు. అయ్యా, మారుతుంది కనకనే పట్టిక కావాలి. 100 వాట్లకు ఇన్ని గంటలు, 200కు ఇన్ని, 400కు ఇన్ని. నాలుగు వరసల పట్టిక. బ్యాటరీ తయారుచేసేవాడి దగ్గర ఏ వేగంతో లాగితే ఎంత వస్తుందన్న పరీక్షల లెక్క ఉండి తీరుతుంది, లేకుండా సీ20 అని అచ్చువేయలేడు. ఉన్న లెక్కను తెలుగులో పెట్టె మీద వేయడానికి నొప్పేమిటి? సీలింగ్ ఫ్యానుకు 2023 జనవరి 1 నుంచి స్టార్ లేబుల్ తప్పనిసరి చేశారు. రెండు మూడు వేల ఫ్యానుకు వర్తించిన నీతి, ఇరవై వేల ఇన్వర్టరు సెట్టుకు వర్తించదా?

ఆ ఫ్యాను సంగతే తీసుకోండి. మూడు పాత ఫ్యాన్లు తీసేసి, 30 వాట్ల చుట్టూ లాగే బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెడితే 225 వాట్ల చోట 90 సరిపోతాయి. ఇంటి మొత్తం లోడు 240కి దిగుతుంది. అదే బ్యాటరీ, అదే ఇన్వర్టరు, మూడు గంటల చోట నాలుగు గంటల ముప్పావు. నెమ్మదిగా లాగుతుంది కాబట్టి బ్యాటరీ ఎక్కువ కాలం బతుకుతుంది కూడా. పెద్ద బ్యాటరీకి పోసే డబ్బు ఫ్యాన్ల మీద పోస్తే నెలనెలా కరెంటు బిల్లూ తగ్గుతుంది. ఈ సలహా బ్యాటరీ షాపులో ఎందుకు దొరకదో మీరే ఆలోచించండి.

రెండో వాదన రాజకీయ నాయకులది. ‘ఇరవై నాలుగ్గంటల కరెంటిస్తున్న రాష్ట్రంలో ఇన్వర్టర్ల గోల ఏమిటి?’ 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలైంది. అంతకుముందు 2012, 2013లలో కోతలతో అల్లాడిన ఉమ్మడి రాష్ట్రం మనకు గుర్తుంది. ఆ రోజుల్లోనే ఇంటింటికీ ఇన్వర్టర్లు వచ్చాయి. కోతలు తగ్గాయి, ఒప్పుకుంటాను. కానీ కోత వేరు, లైను పడిపోవడం వేరు. ఈదురుగాలికి చెట్టుకొమ్మ విరిగి 11 కేవీ లైను మీద పడితే, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే, లైన్‌మన్ లైన్ క్లియర్ (ఎల్‌సీ) తీసుకుని స్తంభం ఎక్కితే ఏ ముఖ్యమంత్రి హామీ ఫ్యాను తిప్పదు. భూపాలపల్లి జిల్లాలో, చెల్పూరు దగ్గర కాకతీయ థర్మల్ కేంద్రం 500, 600 మెగావాట్ల యూనిట్లతో 1100 మెగావాట్లు తయారుచేస్తుంది. దాని ఉత్పత్తికి లెక్కలున్నాయి, బొగ్గుకు లెక్కలున్నాయి, ఆగిన గంటలకు లెక్కలున్నాయి. హన్మకొండలో కూర్చున్న ఉత్తర విద్యుత్ పంపిణీ సంస్థకు కూడా నిబంధనలున్నాయి. 2020 డిసెంబరులో కేంద్రం నోటిఫై చేసిన వినియోగదారుల హక్కుల నిబంధనలు, సేవలో లోపం జరిగితే పరిహారం ఇవ్వాలంటున్నాయి. ఆ సంస్థ కరెంటు ఆగిపోయాక మన ఇంట్లో మొదలయ్యే మూడు గంటల కరెంటు కంపెనీకి మాత్రం ఇన్ని గంటలు ఇచ్చి తీరాలన్న నిబంధన లేదు, ఏ మీటరూ లేదు.

మూడో వాదన ఇంకా దుర్మార్గమైనది. ‘ఇది ఉన్నవాళ్ల గోల, పేదవాడికి ఇన్వర్టరెక్కడిది?’ అంటారు. పేదవాడు ఎక్కడ పడుకుని ఉన్నాడో చూడండి. సర్కారు దవాఖానలో ఉన్నాడు. 2022 ఏప్రిల్‌లో నర్సీపట్నం ఎన్టీఆర్ ఏరియా ఆస్పత్రిలో కరెంటు పోతే, జనరేటరు ఆదుకోకపోతే, సెల్‌ఫోన్ల వెలుతురులో కాన్పు చేశారు. 2016 జులైలో సికింద్రాబాద్ గాంధీ ఆస్పత్రిలో కరెంటు పోయినప్పుడు జనరేటర్లూ మొరాయించాయి. ఆ రోజు చనిపోయినవాళ్ల గురించి పత్రికలు రాశాయి, ఆ మరణాలకూ కరెంటుకూ సంబంధం లేదని అధికారులు చెప్పారు. సంబంధం సంగతి అటుంచండి. రాష్ట్రంలోని పెద్దాస్పత్రుల్లో ఒకటైన చోట, అవసరమైన గంటకు జనరేటరు నడవలేదన్నది చాలదా సిగ్గుపడటానికి? కార్పొరేట్ ఆస్పత్రిలో పడుకున్నవాడికి రెండు జనరేటర్లు, మధ్యలో యూపీఎస్. సర్కారు దవాఖానలో పడుకున్నవాడికి టెండరులో రాసిన కేవీఏ అంకె. బ్యాకప్ లెక్క తప్పితే ముందు పోయేది పేదవాడి ప్రాణమే.

లెక్క కట్టి చేస్తే ఎలా ఉంటుందో కూడా ఆ దవాఖానలోనే ఉంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో టీకాలు పెట్టే ఐస్ లైన్డ్ రిఫ్రిజిరేటర్‌ను చూడండి. లోపలి గోడల చుట్టూ మంచు పొర కడుతుంది. రోజులో ఎనిమిది గంటలు కరెంటుంటే చాలు, టీకాలను 2 నుంచి 8 డిగ్రీల మధ్య కాపాడుతుంది. దాన్ని తయారుచేసినవాడు ముందు ప్రశ్న అడిగాడు: పల్లెలో కరెంటు ఎంతసేపు ఉంటుంది, ఎంతసేపు ఉండదు? జవాబు తెలుసుకుని పెట్టె కట్టాడు. బ్యాటరీ లేదు, డీజిల్ లేదు. పసిపిల్లల పోలియో చుక్కల మీద చూపిన ఈ శ్రద్ధ, అదే భవనంలో కాన్పుల గది మీద చూపడానికి ఏం అడ్డొస్తున్నది?

కరెంటును తయారుచేసేచోట కూడా బ్యాటరీలే కాపలా అన్న సంగతి చాలామందికి తెలియదు. పవర్ హౌసులో, సబ్‌స్టేషన్‌లో రిలేలు, బ్రేకర్లు పనిచేసేది డీసీ బ్యాటరీల మీద. ఏదైనా కాలుతున్నప్పుడు బ్రేకరు తెగాలంటే ఆ బ్యాటరీలో దమ్ముండాలి. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమ గట్టు భూగర్భ జల విద్యుత్ కేంద్రంలో మంటలు లేచి తొమ్మిదిమంది చనిపోయారు. ఏడుగురు జెన్‌కో మనుషులు. మిగతా ఇద్దరు బ్యాటరీల పని మీద వచ్చిన ప్రైవేటు కంపెనీ ఉద్యోగులు. 900 మెగావాట్ల కేంద్రంలో కూడా బ్యాటరీ గది దగ్గరికే మనుషులు వెళ్లాల్సి వచ్చింది. బ్యాకప్ అంటే ఫ్యానూ లైటూ అనుకునే ప్రతి ఇంజినీరూ ఆ తొమ్మిది పేర్లు తన బల్ల మీద రాసిపెట్టుకోవాలి.

బయటి ప్రపంచం సంగతి చెప్పమంటారా? 2011 మార్చి 11న జపాన్‌లో సునామీ ఫుకుషిమా అణు కేంద్రం మీదికి వచ్చినప్పుడు డీజిల్ జనరేటర్లు నీళ్లలో మునిగాయి. మూడో యూనిట్‌లో మిగిలింది బ్యాటరీలు. ఎనిమిది గంటల లెక్కతో పెట్టినవి. అక్కడివాళ్లు అక్కర్లేని లోడు ఒక్కొక్కటిగా కోసేసి ఆ బ్యాటరీలను రోజు దాటించారు. మీటర్లు చూడటానికి కార్ల బ్యాటరీలు ఊడదీసుకొచ్చి కట్టారు. చివరికి ప్రమాదం ఆగలేదు, నిజమే. కానీ కరెంటు లేని గంటలో ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అన్న వరస వాళ్ల బుర్రలో ఉంది. మన కలెక్టరాఫీసులో, మన ఏరియా ఆస్పత్రిలో, మన సంక్షేమ హాస్టల్లో ఆ వరస ఏ గోడ మీద రాసుంది? కరెంటు పోగానే ముందు ఏది ఆపాలో ఎవరికి తెలుసు? అధికారి గదిలో ఏసీ చివరిదాకా నడుస్తుంది, దాన్ని ఆపమని చెప్పే దమ్మెవరికీ ఉండదు కాబట్టి.

జనరేటర్ల కథ వేరేమీ కాదు. 5 హెచ్‌పీ మోటారు నడిచేటప్పుడు ఫేజుకు ఏడెనిమిది ఆంపియర్లు లాగుతుంది. నేరుగా స్టార్టరు నొక్కిన క్షణంలో ఆరు రెట్ల దాకా గుంజుతుంది, అంటే 45 ఆంపియర్ల దరిదాపు. నడిచే లోడు చూసి జనరేటరు కొన్న రైతుకు మోటారు ‘గుర్’మని ఆగిపోతుంది, జనరేటరు గొంతు పట్టుకుంటుంది. స్టార్ డెల్టా స్టార్టరు పెడితే ఆ గుంజుడు మూడో వంతుకు దిగుతుందని చెప్పేవాడు లేక, రెండు మూడు రెట్లు పెద్ద జనరేటరు కొంటాడు. కోళ్ల షెడ్డు పెట్టినవాడిది ఇంకా కష్టం. వేసవి మధ్యాహ్నం మూసిన షెడ్డులో ఫ్యాన్లన్నీ ఆగితే కోళ్లు గంట కూడా ఆగవు. అక్కడ ఒకేసారి అన్ని ఫ్యాన్లకూ స్టార్టింగ్ కరెంటు ఇవ్వాలా, ఒకదాని తర్వాత ఒకటి వేయాలా అన్నది లక్షల రూపాయల ప్రశ్న. రెండో పక్కన ఫంక్షన్ హాళ్లూ బ్యాంకులూ అవసరానికి నాలుగింతల జనరేటరు కొని, ఆ కాస్త లోడు మీద నడిపి, ఇంజినులో మసి పట్టించి, డీజిల్ దండగ చేస్తాయి. చిన్నది కొన్నవాడూ మునిగాడు, పెద్దది కొన్నవాడూ మునిగాడు. ఇద్దరికీ అమ్మినవాడు మాత్రం తేలాడు.

ఇప్పుడు ఇవన్నీ చూసి ‘లిథియం కొనండి’ అంటూ కొత్త పాట ఎత్తుకున్నారు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ మంచిదే. ఎక్కువ లోతు దాకా వాడుకోవచ్చు, వేగంగా లాగినా అంతగా తగ్గదు, తొందరగా నిండుతుంది. ఖరీదూ ఎక్కువే. కానీ అక్కడ కూడా అమ్ముతున్నది ఏహెచ్ అంకెనే. వోల్టులు వేరైతే ఏహెచ్‌లను పోల్చడమే తప్పు. వాట్ అవర్లు చెప్పకుండా ‘మా 100, వాళ్ల 150కి సమానం’ అనేవాడిని నమ్మకండి. సరుకు మారింది, అమ్మే తీరు మారలేదు.

అందుకని నేను అడుగుతున్నవి విడమరిచి చెబుతాను. తూనికలు కొలతల శాఖ కిరాణా కొట్టు కాంటా మీద, పెట్రోలు పంపు మీద ముద్ర వేస్తుంది. అదే శాఖ ఇన్వర్టరు బ్యాటరీని కూడా కొలిచే సరుకుగా చూడాలి. మార్కెట్లో నుంచి కొన్ని బ్యాటరీలు తీసి పరీక్షించి, రాసిన ఏహెచ్ ఇస్తున్నాయో లేదో పేర్లతో సహా బయటపెట్టాలి. ప్రతి పెట్టె మీద వాట్లూ గంటల పట్టిక తెలుగులో ఉండాలి. ప్రతి బిల్లు మీద సీ10నో సీ20నో, చార్జింగు ఎన్ని ఆంపియర్లో రాయాలి. సరుకు నాణ్యత, పరిమాణం, సామర్థ్యం తెలుసుకునే హక్కు మనకుందని 2019 వినియోగదారుల రక్షణ చట్టం చెబుతున్నది. ఆ హక్కు షాపు కౌంటరు దగ్గర పనిచేయాలి.

సర్కారు కొనుగోళ్లలో కేవీఏ అంకె ఒక్కటే ఉన్న టెండరును వెనక్కి పంపాలి. ఏ పరికరం, ఎన్ని వాట్లు, ఎన్ని గంటలు, ఏది ముందు ఆపాలి అన్న జాబితా లేకుండా ఒక్క యూపీఎస్ కూడా కొనకూడదు. జాబితాను యంత్రం పక్క గోడకు అంటించాలి. నెలకోసారి మెయిన్ ఆపి నిజమైన లోడు మీద నడిపి చూసి, తేదీ వేసి సంతకం పెట్టాలి. ఆ సంతకం పెట్టినవాడే రేపు జవాబుదారీ. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల దవాఖానల నుంచే ఇది మొదలుపెట్టండి. ఖర్చు ఒక చార్టు కాయితం, ఒక పెన్ను.

మన వంతు పనీ ఉంది. షాపుకు పోయే ముందు ఇంట్లో ఫ్యాన్ల, లైట్ల, టీవీ వాట్లు రాసుకుని పోండి. వీఏ మాటెత్తగానే ‘వాట్లెన్ని?’ అనండి. ఏహెచ్ అనగానే ‘సీ10నా, సీ20నా?’ అనండి. ‘రాత్రంత గుంజుతది’ అనగానే బిల్లు పుస్తకం ముందుకు జరిపి, అదే మాట ముద్రేసి రాసివ్వమనండి. రాయనన్నవాడి దగ్గర డబ్బు తీయకండి. పక్క షాపుకు నడవండి. ఊరంతా కలిసి ఒక్క వేసవి ఇలా నడిస్తే, పెట్టె మీద గంటలు అచ్చువేసే కంపెనీ తనంతట తానే పుట్టుకొస్తుంది.